అరుగు మీద చదివిందే ఉత్తరం

విజయనగరం,
2 ఆగస్టు 1998

అత్తకి,

పెద్దవాళ్లకి రాసే ఉత్తరం "పూజ్యులైన" అని మొదలుపెట్టాలని మా తెలుగు మేడమ్ చెప్పారు. నిన్ను అలా పిలిస్తే ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తావు. అందుకని అత్తా అనే రాస్తున్నాను.

ముందుగా ఈశ్వరికి ఒక మాట. ఈశ్వరీ, ఈ ఉత్తరం నువ్వే చదువుతావని తెలుసు. వీధి వీధంతా మన అరుగు ముందు చేరుతుందనీ తెలుసు. ఉన్నదున్నట్టు చదువు. కష్టమైన మాట వస్తే మింగెయ్యకు. నీ గురించి రాసిన చోట ఇంకాస్త గట్టిగా చదువు.

టీచర్ ట్రైనింగ్ హాస్టల్ బాగానే ఉంది. గదికి ఎనిమిది మందిమి, ఎనిమిది మందికీ ఒక కిటికీ. ఆదివారం చేపల కూర పెడతారు. అది చేప అని వంటమ్మ చెబితే నమ్మాలి. చెరువు చేప. నేను తినలేక పక్కకి పెడితే, "సముద్రం వాళ్లకి పొగరెక్కువ" అంది.

ఇక అసలు సంగతి. మాకు సైకాలజీ చెప్పే రామలక్ష్మమ్మ గారు మొదటి పాఠంతోనే నా కళ్లు తెరిపించారు. పదమూడు నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లలు తడిమట్టి లాంటివాళ్లట. వాళ్లని మలిచేవి మూడు: కుటుంబం, స్నేహితులు, పరిసరాలు. ఈ మూడూ బాగుంటే పిల్లలు బాగుపడతారు. మేడమ్ బోర్డు మీద మూడు గడులు గీసి చూపించారు. ఆ మూడు గడుల్లోనూ మన ఈశ్వరిని పెట్టి చూశాను. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

కుటుంబం గడిలో నువ్వున్నావు. అక్షరం రాదు, నోరు మాత్రం యారాడ కొండ దాటి సింధియాలో వినిపిస్తుంది. స్నేహితుల గడిలో దేవిశ్రీ ఉంది. ఎనిమిదిలో బడి మానేసి విశాఖ పూర్ణా మార్కెట్లో గాజుల కొట్టులో పనికి కుదిరిన పిల్ల. తల మీద మూడు రంగుల క్లిప్పులు, నోట్లో ఎప్పుడూ సినిమా పాట. పరిసరాల గడిలో చేపలు, వలలు, పొద్దు వాలితే సారా. ఇంక ఆ పిల్ల పదో తరగతి ఎలా పాసవుతుంది?

మన ఇంట్లో పది దాటినది నేనొక్కదాన్నే. రెండోది ఈశ్వరి కావాలి. అది జరిగితే నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మేము ఒక్కొక్కరం ఒక పిల్లనో పిల్లాడినో ఎంచుకుని డిసెంబరులోగా కేస్ స్టడీ రాయాలి. నేను ఈశ్వరిని ఎంచుకున్నాను. నేను దూరంగా ఉన్నాను కనక నీ ఉత్తరాలే నాకు ఆధారం. దేవిశ్రీని గుమ్మం తొక్కనివ్వకు. ఈశ్వరి చదివేటప్పుడు నువ్వు బేరాల గొంతుతో మాట్లాడకు. నువ్వు చదువుకోలేదు కనక ఇవి నేనే చెప్పాల్సి వస్తోంది.

నీ మేలు కోరే
సూర్యకళ

—

యారాడ,
16 ఆగస్టు 1998

ఒలే సూర్యకళా,

నాను సెప్తన్నాను, ఈశ్వరి రాత్తన్నాది. నాను ఎలాగంటే అలాగే రాయమన్నాను. "పుస్తకం బాసలో రాత్తానే అమ్మా" అంటాది. పుస్తకం బాస మీ వదినది, నా బాస నాదీ, రాయే అన్నాను.

నీ ఉత్తరం అరుగు మీద సదివింది. వీధంతా ఇన్నారు. నా నోరు కొండ దాటి ఇనిపిత్తాదన్న కాడ సప్పట్లు కొట్టినారు. ఎల్లాజీ తాతయితే "సదువు అంటే ఇదే, నలబై ఏళ్ల నుంచి మనకి తెలిసినదే ఎంత బాగా సెప్పినాదో" అన్నాడు. దేవిశ్రీ కూడా అక్కడే కూసుంది. దాని క్లిప్పుల మాట ఒచ్చినపుడు తలకాయ అటూ ఇటూ తిప్పి అందరికీ సూపించింది.

పిల్లలు తడిమట్టి అన్నావు. మా కాడ మట్టి ఏదే? ఇసక. ఇసకని ఎంత మలిసినా ఒక కెరటం సాలు. ఆ సంగతి మీ మేడమ్మకి సెప్పు, సముద్రం సూసినాదో నేదో పాపం.

కుటుంబం నాను, సరే. మరి మీ నాయిన పారాదీప్ ఎల్లి అక్కడ రెండో కొంప ఎట్టీసి పదకొండేళ్లయినాది, ఆడిని ఏ గడిలో ఎట్టినావు? పోనీ ఇది సెప్పు. నువ్వూ ఈ ఇసకలోనే పెరిగినావు. ఈ సేపలే తిన్నావు. ఈ నోరే ఇన్నావు. మరి నువ్వెలాగ బాగుపడిపోనావు? మేడమ్మని అడిగి రాయి.

మీ మావ పది రోజుల కిందట గుజరాతు బోట్ల మీదకి వీరావల్ రైలెక్కీసాడు. ఇంక వానలకి గానీ రాడు. ఆల బోటు ఓనరు మంచోడట. ప్రతి ఏడూ మంచోడే, తిరిగొచ్చేసరికి దొంగ అయిపోతాడు.

నువ్వు పన్నెండేళ్ల గుంటవపుడు మీ మావ ఉత్తరాలు నువ్వే సదివేదానివి, గుర్తుందా? ఈశ్వరి నీ పక్కన నోరు తెరుసుకుని కూసునేది. ఇపుడు ఆ పీట దానిదైపోనాది. బాగా సదువుతన్నాది. ఎక్కడా ఆగదు.

దేవిశ్రీని గుమ్మం తొక్కనీనులే. పెరటి దారంట రమ్మంటాను.

మీ అత్త
చిలకమ్మ

వదినా, పైదంతా అమ్మ చెప్పినట్టే రాశాను. ఒక ముక్క కలపలేదు, ఒక ముక్క తియ్యలేదు. – ఈశ్వరి

—

విజయనగరం,
6 సెప్టెంబరు 1998

అత్తకి,

నీ ప్రశ్న రామలక్ష్మమ్మ గారిని నిజంగానే అడిగాను. అదే ఇసక, అవే చేపలు, అదే నోరు, మరి నేనెలా బాగుపడ్డానని. మేడమ్ కళ్లజోడు తీసి నన్ను చూసి, "నువ్వు మినహాయింపువమ్మా" అన్నారు. క్లాసంతా నన్ను చూసింది. అంత గౌరవం నాకు ఎప్పుడూ జరగలేదు. కాబట్టి అత్తా, నేను మినహాయింపుని. ఈశ్వరి మినహాయింపు కాదు కనక దాని గురించి జాగ్రత్త పడాలి.

కేస్ స్టడీ కోసం నీకు కొన్ని ప్రశ్నలు. పిల్ల అబద్ధాలాడుతుందా? ఎవరిని చూసి నేర్చుకుంటుంది? రోజూ బడికి వెళ్తుందా? చదువంటే ఇష్టమేనా? వీటికి నువ్వు ఈశ్వరికి తెలియకుండా జవాబులు చెప్పాలి. తెలిస్తే పిల్ల ప్రవర్తన మారిపోతుందని పుస్తకంలో ఉంది.

ఇప్పుడే తట్టింది, ఈ ప్రశ్నలు నీకు చదివేదీ, నీ జవాబులు రాసేదీ ఈశ్వరే. ఈశ్వరీ, పై పేరా చదివిన వెంటనే మరిచిపో.

మూడు నెలల పరీక్ష మార్కులు రాయించు. పది ఫీజు ఎప్పుడు కట్టాలో కనుక్కో.

సూర్యకళ

—

యారాడ,
4 అక్టోబరు 1998

సూర్యకళా,

నాను సెప్తన్నాను, ఈశ్వరి రాత్తన్నాది.

నీ ప్రశ్నలకి జవాబులు. అబద్దాలాడదు. నిన్ను సూసి నేర్సుకుంటాది. రోజూ ఎల్లేది, ఇంక ఎల్లదు. సదువంటే ఇష్టమే గానీ సదువుకి ఇదంటే ఇష్టం నేదు. మార్కులు రాయను, రాత్తే నీకు అన్నం సహించదు.

బడి నానే ఒగ్గీమన్నాను. ఆడపిల్ల పదేళ్లకి సేపల తట్ట ఎత్తాల, ఇది పదహారు ఒచ్చినా పుస్తకం ఎత్తుతన్నాది. నాను ముసిలిదాన్నయిపోతన్నాను. పూర్ణా మార్కెట్లో నా సోటు ఒక్క వారం కాళీగా ఉంటే ఇంకొకర్తె కూసుండిపోతాది. నువ్వు సదివి నన్ను ఉద్దరించినాదేటి? ఇజీనారం నుంచి నా నోరు గురించి రాత్తన్నావు. అంతే కదా.

నీ పుస్తకంలో ఉన్నట్టే అయినాది కదా, ఇంక కేసు బాగా రాసుకో. ఫీజు మాట ఎత్తకు.

చిలకమ్మ

—

విజయనగరం,
12 అక్టోబరు 1998

అత్తకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ అదే ఉంది.

నేను ఏడేళ్ల పిల్లగా నీ ఇంటికి వచ్చినప్పటి నుంచీ నువ్వు మొరటుదానివే గానీ మంచిదానివని అనుకునేదాన్ని. పుస్తకం నన్ను హెచ్చరించింది, నేనే వినలేదు. "చదువులేని తల్లిదండ్రులు పిల్లల చదువును తక్షణ లాభం కోసం బలి ఇస్తారు", నూట పద్దెనిమిదో పేజీ. ఆ పేజీ పక్కన పెన్సిలుతో నీ పేరు రాశాను.

నేను దేవిశ్రీని అనుమానించాను. పొరపాటు. నీలాంటి తల్లి ఇంట్లో ఉండగా పిల్లని పాడుచెయ్యడానికి వేరే స్నేహితులెందుకు?

నన్ను చదివించింది నువ్వు కాదు. మావ. పొట్టచేత పట్టుకుని వీరావల్ పోయినవాడు, అక్షరం రానివాడు, ఎవరి చేతనో రాయించి మరీ నా చదువు ఆపొద్దన్నాడు. వీధంతా విన్నారు. ఆ ఒక్క మాట లేకపోతే నువ్వు నన్నూ ఎప్పుడో తట్ట కింద పెట్టేదానివి. ఈ సంగతి నాకు ఇవాళ అర్థమైంది.

ఈ ఉత్తరం కూడా అరుగు మీద చదివించుకో. సిగ్గుంటే.

సూర్యకళ

—

యారాడ,
1 నవంబరు 1998

సూర్యకళా,

నీ ఉత్తరం అరుగు మీద సదవనేదు.

నా ఇంట్లో నా మాటే సాగుతాది. పిల్ల సుకంగా ఉన్నాది, నాను సుకంగా ఉన్నాను, సేపలు సుకంగా ఉన్నాయి. నువ్వు సెలవు ఎట్టుకుని వగరుత్తా రాకు. బస్సు టికెట్టు దండగ. నీ ట్రైనింగు నువ్వు సూసుకో. అది మాత్తరం మద్దెలో ఒగ్గీకు. ఏది జరిగినా ఒగ్గీకు.

చిలకమ్మ

—

విజయనగరం,
29 నవంబరు 1998

అత్తకి,

నీకు రాయకూడదనే అనుకున్నాను. కానీ ఒక శుభవార్త ఉంది, చెప్పుకోవడానికి ఇంకెవరూ లేరు.

"కౌమారదశ మీద కుటుంబం, స్నేహితులు, పరిసరాల ప్రభావం – ఒక మత్స్యకార బాలిక" అనే నా కేస్ స్టడీకి కాలేజీలో మొదటి మార్కు వచ్చింది. రామలక్ష్మమ్మ గారు దాన్ని క్లాసులో చదివి వినిపించారు. నీ అక్టోబరు ఉత్తరం ఉన్న చోట ఇద్దరమ్మాయిలు కన్నీళ్లు పెట్టుకున్నారు. "ఇంత కచ్చితంగా పుస్తకంతో సరిపోయే కుటుంబాన్ని నేను చూడలేదు" అన్నారు మేడమ్. నువ్వు గర్వపడాలి.

మార్కు వచ్చింది గానీ మనసు బాగాలేదు. కేస్ స్టడీ చివర "ఫలితం" అని ఒక గడి ఉంది. అందులో "బాలిక బడి మానేసినది" అని నా చేత్తో రాశాను.

నా స్టైపెండులోంచి పది ఫీజు నిన్న మనియార్డరు చేశాను. ఆలస్య రుసుముతో డిసెంబరు పదిహేను దాకా కట్టించుకుంటారట. ఇది నీకు పంపినది కాదు. ఈశ్వరికి.

సూర్యకళ

—

యారాడ,
6 డిసెంబరు 1998

ఒలే సూర్యకళా,

నాను సెప్తన్నాను. ఈపాలి రాత్తన్నాది ఈశ్వరి కాదు. పోస్టుమేను శ్రీరామ్మూర్తి బాబు రాత్తన్నాడు. ఎందుకో సెప్తాను, గోడకి ఆనుకుని కూసో.

మొన్న బాబు మనియార్డరు అట్టుకొచ్చినాడు. ఈశ్వరి ఇంట్లో నేదు, మార్కెట్టుకి ఎల్లింది. వేలిముద్ర ఏసినాను. కూపను మీద నువ్వు రాసిన ముక్క బాబు సదివినాడు: "ఈశ్వరి పదో తరగతి ఫీజు. కట్టు అత్తా. పిల్ల చదువు ఆపకు."

నానెపుడు ఆపినానే? ఆపమన్నది నువ్వు కదా!

బాబు నాకేసి సూసినాడు, నాను బాబుకేసి సూసినాను. అపుడు నీ ఉత్తరాలన్నీ రేకు పెట్టిలోంచి తీసి అరుగు మీద ఏసినాను. సదువు బాబూ అన్నాను. వీధంతా ఒచ్చీసారు. ఎల్లాజీ తాత సేపలు ఎండెట్టడం ఒగ్గీసి ఒచ్చినాడు.

సెప్టెంబరు ఉత్తరంలో నువ్వు ఏటి రాసినావో నాకు అపుడు తెలిసింది. ఈశ్వరి నాకు సదివినదేటో సెప్పనా? "అత్తా, ఈ ఏడు పది పరీచ్చ శానా కస్టంగా ఇత్తన్నారు, ఒక ఏడు ఆగి రాత్తే పిల్ల బుర్రకి మంచిది, సైకాలజీ పుస్తకంలో ఉన్నాది." నాకు ఎర్రిమాటలాగే ఇనిపించింది. కానీ సదువుకున్నోలు ఎర్రిమాట సెప్తే అది సదువే అనుకుంటాం మాలాంటోలం. నువ్వు సెప్పినావని ఒప్పీసుకున్నాను. మేడమ్మ కూడా సెప్పినాదట కదా!

ఇంకొకటి. వినాయక సవితి ఎల్లిన వారానికి తట్టతో కొండ దిగుతా పడ్డాను. మోకాలు గుమ్మడికాయంత అయినాది. అప్పటి నుంచి తట్ట ఈశ్వరే ఎత్తుతన్నాది. నీకు రాయమన్నాను. రాసీసినాను అన్నాది. "వదిన ఏటన్నాది?" అంటే "కాపడం ఎట్టుకోమన్నాది" అన్నాది. రోజూ ఎట్టుకుంటన్నాను, నువ్వు సెప్పినావని.

నీ అక్టోబరు ఉత్తరం కూడా బాబు సదివినాడు. నీలాంటి తల్లి ఇంట్లో ఉండగా అన్న కాడ ఆగిపోయి మంచినీళ్లు అడిగినాడు. తాగి మళ్లీ సదివినాడు. ఎవులూ సప్పట్లు కొట్టనేదు.

(అమ్మా సూర్యకళా, ఆ వాక్యం నేను దాటేద్దామనుకున్నాను. "ఉన్నదున్నట్టు సదువు బాబూ, ఈ కొంపలో అలాగ సదివినోల్లు ఎవులూ నేరు" అన్నది మీ అత్త. చదివాను. – శ్రీరామ్మూర్తి)

సాయంత్రం అది ఒచ్చినాది. తట్ట దించనిచ్చి అడిగినాను. ఏడుత్తాదనుకున్నాను. ఏడవనేదు. "వదిన సదవనేదా అలాగ?" అన్నాది.

నువ్వు బాగుపడ్డావు కదా, ఎలాగ బాగుపడ్డావో ఇపుడు నాను సెప్తాను, మీ మేడమ్మకి రాసి ఇయ్యి. ఆ పెట్టిలోనే మీ మావ ఉత్తరం ఒకటి ఉన్నాది, తొంబై ఒకటిది. బాబు సదివినాడు. "సూర్యకళని ఏడుతో ఆపీసి రొయ్యల షెడ్డుకి పంపు" అని ఉన్నాది. ఆవేళ అరుగు మీద నువ్వు సదివినదేటే? "సూర్యకళ ఎంత దూరం సదివితే అంత దూరం సదవనీ." పన్నెండేళ్ల గుంటవి. గొంతు ఒణకనేదు.

నాకు ఆవేళే తెలుసు. ఇరవై ఏళ్లు కాపరం సేసినాను, నా మొగుడు కల్లు తాగినా కూడా అంత మంచిమాట ఆడడు. వీధంతా "పోలిరాజు బంగారం" అన్నారు. ఆడు వానలకి ఇంటికొత్తే ఎదురెల్లి మరీ మెచ్చుకున్నారు. ఆడు ముందు తెల్లబోనాడు, తరవాత మీసం తిప్పినాడు. అంతమంది ముందర నాను రాయనేదని ఎలాగ అంటాడు? అరుగు మీద సదివిందే ఉత్తరం. ఈ రోజుకీ ఆడే సదివించినాననుకుంటన్నాడు. నువ్వూ అలాగే అనుకుంటన్నావు, అది నాకు ఇసిత్తరంగా ఉన్నాది. నువ్వు కలిపిన ముక్కని నువ్వే నమ్మీసినావా?

నాను ఊరుకున్నాను. ఎందుకంటే నాను ఇనాలనుకున్న ముక్కే నువ్వు సదివినావు.

ఆ పక్కన నోరు తెరుసుకుని ఎనిమిదేళ్ల ఈశ్వరి కూసుంది. మూడు గడులన్నావు కదా, నువ్వు ఏ గడిలో ఉన్నావే?

ఫీజు బాబు రేపు బళ్లో కడతానన్నాడు.

మీ అత్త
చిలకమ్మ

—

విజయనగరం,
20 డిసెంబరు 1998

అత్తకి,

గోడకి ఆనుకునే చదివాను.

నేను మరిచిపోలేదు అత్తా. మొదట్లో రోజూ గుర్తొచ్చేది. మావ ఇంటికి వచ్చిన వానాకాలం నేను పదిరోజులు జ్వరం తెచ్చుకున్నాను, అది జ్వరం కాదు. తరవాత మావ మీసం తిప్పి "నానే సదివిత్తన్నాను" అని నలుగురితో అనడం మొదలుపెట్టాడు. రెండేళ్లు విన్నాక నాకూ నిజమే అనిపించింది. ఇప్పుడు ఆ మాటనే నీ మొహాన కొట్టాను.

అక్టోబరులో నేను రాసిన వాక్యాన్ని వెనక్కి తీసుకోలేను. వీధంతా విన్నారు. మార్చిలో వచ్చినప్పుడు అదే అరుగు మీద నిలబడి, అది తప్పని అదే వీధికి చెబుతాను. నీ నోరంత దూరం నా గొంతు వెళ్లదు, అయినా ప్రయత్నిస్తాను.

రామలక్ష్మమ్మ గారి దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. కేస్ స్టడీ మొత్తం అబద్ధమనీ, ఆధారాలన్నీ ఆ బాలికే కూర్చుని రాసిందనీ చెప్పాను. మేడమ్ మార్కుల రిజిస్టరు తెరిచి చూశారు. తరవాత, "మార్కులు రిజిస్టరులో ఎక్కిపోయాయమ్మా. నిజం ఎక్కించడానికి అందులో గడి లేదు" అన్నారు. నేను గుమ్మం దాటుతుంటే పిలిచి, "ఆ పిల్లకి తెలుగులో ఎన్ని మార్కులొస్తాయి?" అని అడిగారు.

ఈశ్వరి పరీక్షలకి ముందు నాకు పది రోజులు సెలవు. ఆ పది రోజులూ తట్ట నేనెత్తుతాను. ఈశ్వరిని ఇంట్లో కూర్చోబెట్టి చదివించు. దేవిశ్రీ సంగతి నీ ఇష్టం. నా గడుల మీద నాకు నమ్మకం పోయింది.

ఈశ్వరీ, ఈ ఉత్తరం శ్రీరామ్మూర్తి గారు చదువుతుంటే నువ్వు స్తంభం పక్కన నిలబడి వింటూ ఉంటావు. నిన్ను తిట్టే అర్హత నాకు లేదు. ఒక్కటే అడుగుతున్నాను. ఇన్ని ఉత్తరాలు రాశావు, ఒక్కటి నీ పేరుతో రాయి.

సూర్యకళ

—

యారాడ,
6 జూన్ 1999

వదినకి,

నువ్వు డిసెంబరులో అడిగావు. జూన్‌లో రాస్తున్నాను. ఇన్నాళ్లూ అమ్మ గొంతుతో రాయడం సులువుగా ఉండేది. ఏం రాసినా తిట్లు అమ్మకి పడేవి. నా గొంతుతో రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యమే రావడం లేదు. నాలుగు కాగితాలు చింపాను. ఇది ఐదోది.

మార్చిలో నువ్వు వచ్చావు గానీ మనం మాట్లాడుకోలేదు. నువ్వు పొద్దున్నే తట్టతో పోయేదానివి, నేను పుస్తకంలో తల పెట్టేదాన్ని. అయినా మొహం చూస్తూ ఇలాంటివి ఎవరు చెబుతారు? నువ్వు మార్కెట్లో "అమ్మా, కానాగంతలు తీసుకోండి, తాజాగా ఉన్నాయండీ" అన్నావట. కొనేవాళ్లు అదేదో ప్రభుత్వ కొట్టనుకుని బేరమాడకుండా వెళ్లిపోయారట. సగం చేపలు తిరిగొచ్చాయి. పది రోజులూ మాకు కానాగంతల పులుసే. దేవిశ్రీ ఇప్పటికీ నీలాగా చేసి చూపిస్తుంది.

నువ్వు అరుగు మీద నిలబడి వీధికి క్షమాపణ చెప్పినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. అమ్మ "ఇనబడలేదు, గట్టిగా" అంది. వినబడింది వదినా. రెండుసార్లు చెప్పించుకోవాలని అంది.

ఎందుకు చేశానో చెబుతాను. అమ్మ మోకాలి సంగతి రాస్తే నువ్వు ట్రైనింగ్ మానేసి మర్నాడే వచ్చేస్తావు. నీ సంగతి నాకు తెలుసు. నువ్వు వచ్చేస్తే ఈ ఇంట్లో ఒక్క పంతులమ్మ కూడా ఉండదు. నేనే మానేశానని రాసినా నన్ను సరిచెయ్యడానికి వచ్చేస్తావు. అదే అమ్మ ఆపింది అంటే మీ పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది, అక్కడే కూర్చుని నమ్ముతావు అనుకున్నాను. నమ్మావు. నూట పద్దెనిమిదో పేజీ అని కూడా రాశావు.

అదంతా త్యాగమని మాత్రం మేడమ్‌కి చెప్పకు. మూడు నెలల పరీక్షలో లెక్కల్లో నాకు పన్నెండు వచ్చాయి. బళ్లో ప్రతి మాస్టారూ "సూర్యకళ మరదలివేనా?" అని అడిగి, నా పేపరు చూసి నిట్టూర్చేవారు. పూర్ణా మార్కెట్లో నన్ను అలా ఎవరూ అడగలేదు. అక్కడ నేను చిలకమ్మ కూతుర్ని, నా నోరు అమ్మ నోరులో ముప్పాతిక ఉందన్నారు. నాకు అక్కడ బాగుండేది. ఇప్పుడు కూడా ఉదయం తట్ట నాదే. అమ్మ మోకాలు ఇంక అంతే.

దేవిశ్రీ గురించి నీ గడిలో రాసుకోవలసినది ఒకటుంది. చేపలు అమ్ముడయ్యాక గాజుల కొట్టు వెనక కూర్చుని నేను చేసిన లెక్కలు అదే సరిచూసేది. దానికి ఆ లెక్కలు రావు. పుస్తకం వెనకాల జవాబు చూసేది, తప్పయితే క్లిప్పు తీసి నా చెవికి పెట్టేది. డిసెంబరు నుంచి మార్చి దాకా నా చెవులు రెండూ ఎర్రగానే ఉన్నాయి.

ఇక ఫలితం. నిన్న పేపర్లో పడింది. నా నంబరు ఉంది వదినా. లెక్కల్లో ఎన్ని వచ్చాయో మార్కుల కాగితం వస్తే తెలుస్తుంది, ముప్పై అయిదుకి ఒక్కటి కూడా ఎక్కువ ఉండదని నా నమ్మకం. తెలుగులో మాత్రం ధైర్యంగా ఉన్నాను. "దూరాన ఉన్న బంధువుకి లేఖ రాయుము" అని పది మార్కుల ప్రశ్న ఇచ్చారు.

పేపరు అరుగు మీద పరిచి, నంబరు మీద వేలు పెట్టి, "అమ్మా, నాను పాసైపోనాను" అని చదివి వినిపించాను. అమ్మ నా మొహంలోకి చూసింది. "పాసైపోనావని ఉన్నాదా, పాసైపోనావని సదువుతన్నావా?" అంది. పేపరు మడిచి చంకలో పెట్టుకుని, కుంటుకుంటూ శ్రీరామ్మూర్తి గారింటికి వెళ్లింది. ఆయన ఇంట్లో లేరు. పొద్దున్న మళ్లీ వెళ్లింది. వచ్చేటప్పుడు కొండ మలుపు నుంచే అమ్మ నోరు వినిపించింది. సింధియాలో కూడా వినిపించి ఉంటుంది.

ఇక్కడిదాకా రాసి అమ్మకి మొత్తం చదివి వినిపించాను. ఉన్నదున్నట్టు చదివాను. ఒక ముక్క కలపలేదు, ఒక ముక్క తియ్యలేదు. నన్ను నేను తిట్టుకున్న చోట కూడా మింగలేదు. అంతా విని అమ్మ చెయ్యి చాపింది, ఉత్తరం ఇమ్మని. శ్రీరామ్మూర్తి గారి చేత మరోసారి చదివించుకుంటుందట. నేను చదివినదీ ఆయన చదివినదీ సరిపోతే అక్కడి నుంచే పోస్టు చేయిస్తుందట, సరిపోకపోతే పొయ్యిలో పెడుతుందట.

కాబట్టి వదినా, ఇది నీ చేతికి అందితే, నేను చదివింది నిజమేనని అర్థం.

నీ మరదలు
ఈశ్వరి
(నేనే)